రిటైరైన సూపర్‌హీరో, 2108 నుంచి వచ్చిన ఇంజనీరు, 1908 మూసీ వరద: ఈ కథ నిలబడుతుందా?

మలక్‌పేట_రాతగాడు

చాలా కాలంగా ఒక కథ నన్ను వదలడం లేదు. ధారావాహికగా రాద్దామని కూర్చున్నాను కానీ ఒకచోట ఆగిపోయాను, మీ అందరి సాయం కావాలి.

హీరోకి 67 ఏళ్లు. మలక్‌పేటలో రెండో అంతస్తు ఫ్లాట్, లిఫ్ట్ లేదు, మోకాళ్ల నొప్పులు, పొద్దున్నే పాల ప్యాకెట్లు తేవడం, మనవరాలిని స్కూల్ బస్సు ఎక్కించడం. పాతికేళ్ల కిందట ఈ ఊళ్లో ఆయన తెలియనివాళ్లు లేరు. ఆయన శక్తి ఒక్కటే, మీద ఎంత బరువు పడితే ఒళ్లు అంత గట్టిపడుతుంది. ఎగరడు, కళ్లలోంచి మంటలు రావు. కూలుతున్న గోడ కింద నిలబడి లోపలివాళ్లు బయటికొచ్చేదాకా మోయగలడు, అంతే. 2000 ఆగస్టు వరదల తర్వాత ఉన్నట్టుండి మానేశాడు, ఎందుకో ఎవరికీ చెప్పలేదు. పేరు ఇంకా కుదరలేదు, ప్రస్తుతానికి పెద్దాయన అంటాను.

ఒక రాత్రి ఒకమ్మాయి ఆయన తలుపు కొడుతుంది. 2108 నుంచి వచ్చింది, నీటిపారుదల ఇంజనీరు. "1908 సెప్టెంబర్ 27 రాత్రికి నాతో రావాలి" అంటుంది. మర్నాడు సోమవారం, మూసీ ఊరిని ముంచేసిన రోజు. "వరదని ఆపడానికా?" అంటాడు ఈయన. "కాదు, ఆపడానికి వెళ్లినవాణ్ని ఆపడానికి" అంటుంది.

ఇక్కడే నా టెన్షన్. సుమారు పదిహేను వేల మంది పోయారని చెప్పుకునే వరద అది. దాన్ని ఆపొద్దనే మనిషి వెంట మన హీరో ఎందుకు వెళ్తాడు? వెళ్తే పాఠకులు ఆయన్ని క్షమిస్తారా?

కామిక్స్_పిచ్చి

అన్నా, అదిరింది! మోకాళ్ల నొప్పులున్న హీరో అంటేనే నాకు నచ్చేసింది.

నా ఐడియా చెప్తా. ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి ఆ రోజు నూటయాభై మంది బతికారు కదా. వాళ్లలో హీరో ముత్తాత ఉన్నాడని పెట్టండి, ముత్తవ్వ కూడా ఆ చెట్టు మీదే పరిచయం. వరద ఆగిపోతే వాళ్లిద్దరూ కలవరు, హీరో పుట్టడు, మనవరాలు ఉండదు. అందుకని వెళ్తాడు. క్లైమాక్స్‌లో ప్రవాహానికి చెట్టు కూలబోతుంటే కింద నీళ్లలో నిలబడి వేళ్లు పట్టుకున్నది మన పెద్దాయనే అని తెలుస్తుంది. థియేటర్లో అయితే ఈలలే ఈలలు.

పురానాపూల్_పక్కన

తమ్ముడూ, నీ ఉత్సాహానికి అడ్డం రావాలని కాదు కానీ ఆ చెట్టుని మాత్రం వదిలెయ్. ఆ చెట్టు నిజంగా ఉంది, ఇప్పటికీ ఉంది. ఏటా సెప్టెంబర్ 28న కొందరు దాని కింద చేరి పోయినవాళ్లని తలుచుకుంటారు. ఆ చెట్టు చేసిన పనిని తీసుకెళ్లి మనం కల్పించిన మనిషి ఖాతాలో వేస్తే నాకు కడుపు మండుతుంది.

ఇంకో సంగతి. అమ్జద్ హైదరాబాదీ అనే ఉర్దూ కవి ఉన్నారు, రుబాయీలకు ప్రసిద్ధి. ఆ వరదలో ఆయన తల్లీ భార్యా కూతురూ ముగ్గురూ పోయారు, ఆ ఇంట్లో మిగిలింది ఆయనొక్కడే. ఆ తర్వాత కూడా ఇదే ఊళ్లో బతుకుతూ రాశారు. మా పాతబస్తీలో 1908 అంటే పాత పేపర్లో చదివే వార్త కాదు, ఇళ్లల్లో చెప్పుకునే మాట. ఆ రాత్రికి మీ హీరోని పంపితే చెట్టు మీదివాళ్ల మీద, నీళ్లలో పోయినవాళ్ల మీద ఆయన గొప్ప అవకూడదు. ఈ ఒక్క షరతు ఒప్పుకుంటే నాకు తెలిసినదంతా చెప్తాను.

ముత్తాత సంగతి అయితే రాతగాడు గారూ, దయచేసి వద్దు. తన పుట్టుక కాపాడుకోవడానికి వేల మంది చావుకి కాపలా కాసే మనిషిని నేను హీరో అనలేను.

మలక్‌పేట_రాతగాడు

షరతు ఒప్పుకున్నానక్కా. చెట్టు జోలికి వెళ్లను. ముత్తాత కూడా లేడు.

సాపేక్ష_మాస్టారు

కాలప్రయాణం కథ కాబట్టి నేను రాకుండా ఉండలేను. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను.

కాలంలో ముందుకు వెళ్లడంలో మాయ ఏమీ లేదు, అది జరుగుతూనే ఉంది. మీరు క్యాబ్ బుక్ చేస్తే మ్యాప్‌లో మీరెక్కడున్నారో చూపించే జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు మన గడియారాల కంటే రోజుకి సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు నడుస్తాయి. ఆ తేడాని సరిచేయకపోతే తప్పు పేరుకుపోయి రోజుకి కొన్ని కిలోమీటర్ల మేర దారి తప్పిస్తుంది. అంటే కాలం అందరికీ ఒకేలా నడవదన్నది మన జేబులో ఉన్న సంగతే.

చిక్కంతా వెనక్కి వెళ్లడంతోనే. 1949లో కర్ట్ గోడెల్ అనే గణిత శాస్త్రవేత్త ఐన్‌స్టీన్ సమీకరణాల నుంచే ఒక పరిష్కారం చూపించాడు, అందులో బయల్దేరిన క్షణానికే తిరిగి చేరే దారులు ఉంటాయి. కాకపోతే ఆ విశ్వం మన విశ్వంలా ఉండదు. స్టీఫెన్ హాకింగ్ అయితే 2009 జూన్ 28న కాలప్రయాణికులకు విందు ఏర్పాటు చేసి, విందు అయిపోయాకే ఆహ్వానాలు బయటపెట్టాడు. ఎవరూ రాలేదు.

మీ కథకి పనికొచ్చేది మాత్రం నోవికోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త చెప్పిన నియమం. గతానికి వెళ్లగలిగినా, అక్కడ మీరు చేసే పని ఇదివరకే జరిగిన చరిత్రలో భాగమే అయి ఉంటుంది, దానికి ఎదురు నిలిచేది జరగదు. ఈ నియమం పెట్టుకుంటే 1908 వరదని ఎవరూ ఆపలేరు. మరి ఆపలేని దాన్ని ఆపబోయినవాణ్ని ఆపడానికి పెద్దాయన ఎందుకు? అక్కడ మీ కథ ఇంకా బలహీనంగా ఉంది.

పోతన_పాఠకురాలు

మాస్టారూ, కాలం అందరికీ ఒకేలా నడవదని మన పురాణాల్లోనూ ఉంది. కకుద్మి అనే రాజు కూతురు రేవతికి వరుణ్ని అడగడానికి బ్రహ్మలోకం వెళ్తాడు, పాట పూర్తయ్యేదాకా కాసేపు ఆగుతాడు, ఈలోగా భూమ్మీద ఇరవై ఏడు చతుర్యుగాలు గడిచిపోతాయి.

కానీ ఈ కథకి అసలు మూలపురుషుడు ముచుకుందుడు. భాగవతం దశమ స్కంధంలో వస్తాడు. మాంధాత కొడుకు, దేవతల తరఫున ఎంతో కాలం యుద్ధం చేస్తాడు. కుమారస్వామి సేనాపతిగా వచ్చాక దేవతలు ఇక చాలు, విశ్రాంతి తీసుకో అంటారు. అప్పటికి ఇక్కడ అతని భార్యాబిడ్డలూ మంత్రులూ ప్రజలూ ఎవరూ మిగల్లేదు. మోక్షం తప్ప ఏదైనా కోరుకోమంటే నిద్ర కోరుకుంటాడు. నిద్ర లేపినవాడు బూడిదైపోతాడు. యుగాల తర్వాత కృష్ణుడు కాలయవనుణ్ని వెంటేసుకుని ఆ గుహలోకి పరిగెడతాడు, నిద్రపోతున్నది కృష్ణుడేననుకుని యవనుడు కాలితో తంతాడు. ముచుకుందుడు కళ్లు తెరుస్తాడు, వాడు మండిపోతాడు.

రాతగాడు గారూ, ఆ గుహ అనంతగిరి కొండల్లోదని, వికారాబాద్ దగ్గరదని మన ప్రాంతంలో నమ్మకం. మూసీ పుట్టేది ఆ కొండల్లోనే, స్థలపురాణంలో ఆ నదికి ముచుకుందా నది అని పేరు. విరమించిన వీరుణ్ని లేపే కథ రాయాలని మీకు తట్టింది, అదీ మూసీ మీద తట్టింది. దీన్ని వదులుకోకండి.

నాకు ముచుకుందుడి కథలో ఎప్పుడూ మనసుకి తగిలేది ఒక్కటే. అతణ్ని ఎవరూ అడగరు. "లేస్తావా?" అన్న ప్రశ్నే ఉండదు. మీ ఇంజనీరు అమ్మాయి తలుపు తట్టి అడుగుతోంది, అది చాలా పెద్ద తేడా. ఆయన కాదనే వీలుండాలి, ఒకసారి కాదనాలి కూడా.

కామిక్స్_పిచ్చి

ఒళ్లు జలదరించిందక్కా. అనంతగిరికి ట్రెక్కింగ్‌కి వెళ్లేవాళ్లం, ఈ కథ ఎవరూ చెప్పలేదు.

గండిపేట_ఆదివారం

ఇంతవరకు చదువుతూ కూర్చున్నాను, ఇక చెప్పేస్తాను. విశ్రాంతి తీసుకున్న వీరుణ్ని మూసీ లేపడం నిజంగా ఒకసారి జరిగింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య బొంబాయి ప్రభుత్వ ఉద్యోగం నుంచి స్వచ్ఛందంగా తప్పుకుని విదేశాలు తిరుగుతున్నారు. అప్పుడు నిజాం ప్రభుత్వం నుంచి కబురు అందింది, వరదలో దెబ్బతిన్న ఊరిని చూడమని. 1909లో వచ్చారు. ఆయన సూచనల మీదే పైన జలాశయాలు వచ్చాయి, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. మనం గండిపేట అని ఆదివారాలు వెళ్లి కూర్చునేది ఆ మొదటి దాని గట్టు మీదే.

ఆయన శక్తి మీ హీరో శక్తి లాంటిది కాదు, లెక్కలు. ఊరి మధ్యలో మూసీతో కుస్తీ పట్టలేదు, ఊరికి పైన నీళ్లని నిలబెట్టి నెమ్మదిగా వదలడం ఎలా అని ఆలోచించారు. మీ అమ్మాయిని ఇంజనీరుగా పెట్టడం అందుకే నాకు సరిగ్గా అనిపించింది, ఆ పరంపరలో మనిషి ఆమె.

వరద జరగకపోతే విశ్వేశ్వరయ్య రారు, జలాశయాలు ఉండవు, ఆ తర్వాతి వరదకి ఊరు ఇంకా పెద్దదై ఉంటుంది, ఇంకా ఎక్కువ మంది పోతారు. ఈ కారణం చాలదా ఆమెకి?

పురానాపూల్_పక్కన

చాలదు. రేపటివాళ్ల లెక్క చూపించి ఇవాళ్టివాళ్లని పోనివ్వమంటే ఏ తల్లీ ఒప్పుకోదు. వరదలో మూడు వంతెనలు కొట్టుకుపోయాయి, అఫ్జల్ పూల్, ముసల్లంజంగ్ పూల్, చాదర్‌ఘాట్ పూల్. పదహారో శతాబ్దంలో కట్టిన పురానాపూల్ ఒక్కటే కాస్త దెబ్బ తిన్నా నిలబడింది, రెండు ఒడ్లనీ కలిపింది అదే. ఆ వంతెన మీద నిలబడి తనవాళ్ల కోసం చూస్తున్న మనిషి దగ్గరికెళ్లి మీ లెక్క చెప్పగలరా? మీ పెద్దాయన చెప్పగలడా?

గండిపేట_ఆదివారం

చెప్పలేడు. ఒప్పుకుంటాను.

చెరువు_గట్టు

అందరికీ దండాలు. నేను కథలు రాసేవాణ్ని కాదు, చదువుతాను అంతే. మా ఇంట్లో తాతల కాలం నుంచి నీరటి పని, చెరువు తూము తీయడం మూయడం, కట్ట చూసుకోవడం. ఇప్పుడు నేను నగరంలో ఉద్యోగం చేస్తున్నా కానీ వానాకాలం వస్తే మనసు కట్ట మీదే ఉంటుంది. అందుకే ఇందాకటి నుంచి ఒక మాట గొంతులో ఆగింది. మీరంతా మూసీ గురించే మాట్లాడుతున్నారు. 1908లో ఊరిని ముంచింది మూసీ ఒక్కటే కాదు, దాని పైనున్న చెరువులు.

విశ్వేశ్వరయ్య గారి లెక్కలోనే ఉంది, పరీవాహకంలో 788 చెరువులుంటే 221 తెగాయి. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే మత్తడి (ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే రాతి అలుగు) దుంకి కింది చెరువుకి పోతుంది, అది నిండితే దాని కిందిదానికి. మామూలు వానలో ఇంత చక్కని ఏర్పాటు ఇంకోటి లేదు. కానీ పైన ఒకటి తెగిందంటే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కిందిదాని మీద పడతాయి, అది తట్టుకోలేదు, అదీ తెగుతుంది.

కట్ట ఎలా తెగుతుందో చెప్తా, రాతగాడన్నకి పనికొస్తుంది. రెండు రకాలు. ఒకటి, నీళ్లు కట్ట మీదుగా పొర్లడం. ముందు వైపు రాతి కట్టుబడి ఉంటుంది, ఏం కాదు. వెనక వైపు మట్టి, అక్కడ కోత మొదలవుతుంది, కింద నుంచి పైకి తింటూ వస్తుంది. రెండోది బుంగ. ఎండ్రకాయ బొరియో, చచ్చిన చెట్టు వేరో, దాని వెంట నీళ్లు లోపల్లోపల దారి చేసుకుంటాయి. మా తాత రాత్రిపూట లాంతరు పట్టుకుని కట్ట వెనక వైపు పాదం దగ్గర నడిచేవాడు. ఊట కనిపిస్తే దోసిట్లోకి పట్టి లాంతరు దగ్గర చూసేవాడు. తేటగా ఉంటే ఫరవాలేదు. నీళ్లలో మట్టి కనిపించిందా, లోపల కట్ట కరిగిపోతోందని అర్థం, అప్పుడిక ఊరిని లేపాల్సిందే.

ఇప్పుడు అసలు మాట. మీ పెద్దాయన లాంటి బలవంతుడు బుంగ పడ్డచోట వీపు ఆనించి నిలబడ్డాడనుకోండి. ఆయన ఉన్నచోట కట్ట ఆగుతుంది. వాన ఆగదు. వెనక నీళ్లు పెరుగుతూనే ఉంటాయి, ఇంకో గంటకి కట్ట పొడవునా పొర్లుతాయి, ఆయనకి అటూ ఇటూ తెగుతుంది. గంట ముందు తెగితే పోయే నీళ్ల కంటే ఇంకా ఎక్కువ నీళ్లు పోతాయి. కింద ఊళ్లో మనుషులు "కట్ట ఆగింది, ఆయన ఉన్నాడు" అని ధైర్యంగా ఇళ్లల్లోనే ఉంటారు. అది మరీ ఘోరం.

కట్టని కాపాడే దారి వేరే. మత్తడి పక్కన, గట్టి నేల ఉన్నచోట, కింద ఇళ్లు లేని వైపు చూసి మనమే గండి కొట్టాలి. చెరువుని కొంచెం వదులుకుంటే ఊరు దక్కుతుంది. దానికి బలం కంటే ముందు ఎక్కడ కొట్టాలో తెలియాలి, కొట్టే ధైర్యం ఉండాలి, ఎందుకంటే ఆ నీళ్లతో పాటు ఏడాది పంట పోతుంది, ఊరు తిట్టిపోస్తుంది.

మలక్‌పేట_రాతగాడు

అన్నా, చేతులెత్తి దండం పెడుతున్నాను. నాలుగైదుసార్లు చదివాను మీ పోస్టు.

కథ మొత్తం ఇక్కడ కుదిరింది. 2000 ఆగస్టులో పెద్దాయన చేసింది సరిగ్గా అదే (ఇది పూర్తిగా కల్పన, ఏ నిజమైన చెరువూ కాదు). బుంగ పడ్డ కట్టకి వీపు ఆనించి రాత్రంతా నిలబడ్డాడు, జనం చప్పట్లు కొట్టారు, కింద కాలనీవాళ్లు ఆయన ఉన్నాడని ఇళ్లు ఖాళీ చేయలేదు. తెల్లవారుజామున ఆయనకి ఇటు పక్క తెగింది. ఆయన మానేయడానికి కారణం అది. శక్తి పోయి కాదు, శక్తి ఉండి.

అవతలివాడు దుర్మార్గుడు కాదు. 2108లో అదే శక్తితో పుట్టిన ఇరవై ఏళ్ల కుర్రాడు. పెద్దాయన గురించి చదివి పెరిగాడు, వరదని ఆపాలని నిజాయితీగా 1908కి వెళ్లి పైనున్న ఒక చెరువు కట్టకి వీపు ఆనించి నిలబడ్డాడు. ఆ కుర్రాడు ఎవరి మాటా వినడు, ఒక్క పెద్దాయన మాట తప్ప. అమ్మాయి ఆయన తలుపే ఎందుకు తట్టిందో ఇప్పుడు తెలిసింది. పోతన_పాఠకురాలు గారు అన్నట్టు మొదటిసారి కాదంటాడు. అమ్మాయి ఇంకేం బతిమాలదు, "కట్ట కింద ఊరివాళ్లు నిద్రపోతున్నారు, వాడు ఉన్నాడని" అని మాత్రం చెప్పి మెట్లు దిగుతుంది. ఆయన లేచి చెప్పులు వేసుకుంటాడు.

సాపేక్ష_మాస్టారు

ఇప్పుడు నియమం కూడా కలిసొస్తుంది చూడండి. వాళ్లు వరదని ఆపరు, ఆపలేరు. గండి కొడతారు. అంటే ఆ చెరువు చరిత్రలో తెగిన చెరువుల్లోనే పడుతుంది. 221లో ఒకటి వాళ్లు కొట్టిన గండి. ఎప్పుడూ అలాగే ఉంది, లెక్క రాసినవాళ్లకి అది తెగిన కట్టే. మీరు చరిత్రలో ఒక్క అంకె కూడా మార్చనక్కర్లేదు.

పురానాపూల్_పక్కన

మాస్టారూ, ఈ మాటకి నా మనసు ఒప్పుకుంది. ఎవరి చావునీ తక్కువ చేయలేదు, ఎవరి గొప్పనీ ఎత్తుకుపోలేదు, ఒక అంకెలో ఒదిగిపోయారు. ఆ చెరువు కింద ఊరికి పేరు పెట్టకండి. ఊరివాళ్లకి కూడా ఎవరు గండి కొట్టారో తెలియకూడదు, పంట పోయిందని శాపనార్థాలు పెట్టాలి. పెద్దాయన అది విని వెనక్కి రావాలి.

కామిక్స్_పిచ్చి

కానీ ఫైట్ లేదే అన్నా. సూపర్‌హీరో కథ అన్నారు కదా. ఇద్దరు బలవంతులు ఎదురుపడితే కనీసం ఒక దెబ్బ పడాలి. మాటలతో కుర్రాడు కట్ట వదిలేస్తే నేను నమ్మను, ఇరవై ఏళ్లవాణ్ని నేను, చెప్తున్నా, వదలను.

పోతన_పాఠకురాలు

తమ్ముడు చెప్పింది నిజం. కుర్రాడు వదలకూడదు. వాడి దృష్టిలో వదలడం అంటే చంపడం.

మలక్‌పేట_రాతగాడు

అయితే యుద్ధం ఇలా ఉంటుంది, కొంచెం రాసి పెడుతున్నాను, చూడండి.

"కుర్రాడు తిరిగి చూడలేదు. వీపు కట్టకి ఆనించి, మడమలు బురదలో దిగేసి, పళ్లు బిగపట్టి ఉన్నాడు. పెద్దాయన వాడి కాళ్ల పక్కన వంగి, పారుతున్న ఊట దోసిట్లోకి పట్టి లాంతరు దగ్గర పెట్టాడు.

'చూడు.'

'చూడను. ఆగింది కదా.'

'నీళ్లలో మట్టి ఉంది నాన్నా.'

'నేనుండగా తెగదు.'

'నేనూ అదే అన్నాను' అన్నాడు పెద్దాయన. వాడి పక్కనే కట్టకి వీపు ఆనించాడు. ఒళ్లు గట్టిపడింది, పాతికేళ్ల తర్వాత. మోకాళ్లు మాత్రం నొప్పిగానే ఉన్నాయి. 'ఈ బరువు నేను మోస్తా. నువ్వు గడ్డపార తీసుకుని మత్తడి దగ్గరికి పో. కుర్రవాడివి, నాకంటే వేగంగా తవ్వుతావు.'

'వదిలితే మీ మీద పడుతుంది.'

'పడనీ.'"

దెబ్బ ఇక్కడ పడుతుంది తమ్ముడూ. కుర్రాడు ఆయన్ని కట్ట దగ్గర్నుంచి లాగేయబోతాడు, ఈయన కదలడు, ఎంత కొడితే అంత గట్టిపడతాడు. ఆయన మీద గెలవాలంటే వాడికి ఒకటే దారి, వెళ్లి గండి కొట్టి నీళ్లు దించడం.

కామిక్స్_పిచ్చి

సరే అన్నా. ఇది ఫైటే. ఇది నమ్ముతా.

చెరువు_గట్టు

బాగుంది రాతగాడన్నా, దోసిలి పెట్టినందుకు మా తాత తరఫున సంతోషం. రెండు సవరణలు. కట్ట దగ్గర ఆయన ఒక్కడే ఉండకూడదు, అమ్మాయిని ఊళ్లోకి పంపండి, డప్పు కొట్టించాలి. గండి కొట్టినా మనుషుల్ని ఎత్తు మీదికి పంపకపోతే అంతా వృథా. రెండోది, గడ్డపార ఒక్కటీ చాలదు, పారా తట్టా కూడా పెట్టండి. ముందు సన్నగా ఒక కాలువ తీస్తే చాలు, మిగతాది నీళ్లే కోసుకుంటాయి. కొట్టేవాడు మాత్రం కాలువకి మత్తడి రాయి వైపు నిలబడాలి, మట్టి వైపు నిలబడితే నేలతో పాటు పోతాడు.

మలక్‌పేట_రాతగాడు

రాసుకున్నాను అన్నా. ఇంకో అనుమానం, చీకట్లో, ఆ వానలో, తెలియని చెరువు దగ్గర గట్టి నేల ఎక్కడుందో కుర్రాడికి ఎలా తెలుస్తుంది?

చెరువు_గట్టు

వాడికి తెలియదు. ఆ ఊరి నీరటికి తెలుస్తుంది. డప్పు వినగానే అందరూ ఎత్తు మీదికి పోతుంటే ఒక్క మనిషి మాత్రం లాంతరు పట్టుకుని కట్ట వైపు వస్తాడు, వాణ్ని కథలో పెట్టండి.